కౌన్సిల్‌లో డాక్టరమ్మ

2020 ఏప్రిల్‌లో మా బుక్కరాయసముద్రం వీధుల్లో ఒక ఆటో తిరిగేది. దానికి కట్టిన మైకులోంచి రోజూ అవే మాటలు. ఇంట్లోనే ఉండండి, మాస్కు కట్టుకోండి, మాటిమాటికీ సబ్బుతో చేతులు కడుక్కోండి అని. మంచి మాటలే, కాదని ఎవరంటారు? కానీ ఆ ఆటో మా వీధి మలుపు తిరిగేసరికి కొళాయి దగ్గర బిందెలు బారులు తీరి ఉండేవి. వాటి వెనక నేనూ ఉండేదాన్ని. మా ఇంటి బోరు ఎండిపోయి అప్పటికి రెండేళ్ళు. బిందెడు నీళ్ళు వంటకా, గిన్నెలకా, చేతులకా అని లెక్కేసుకునే ఇళ్ళు మావి. జాగ్రత్త అందరికీ ఒకటే చెబుతారు గానీ నీళ్ళు అందరికీ ఒకటి కావు కదా అని ఆ వరసలో నిలబడ్డప్పుడు అనిపించింది.

ఆ నెలల్లోనే మా వీధిలో తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్లకు పెళ్ళి చేసేశారు. బడి మూతపడింది. ఇరవైమందితో పెళ్ళంటే ఖర్చు కలిసొస్తుంది. అప్పు తీరకముందే చెనక్కాయ పంట ఎండిపోయే ఊళ్ళలో ఆ లెక్క ఎవరికైనా అర్థమవుతుంది. నేను డిగ్రీ చదివాను. కథలు రాస్తాను, అదీ ఆడవాళ్ళ కష్టాలమీదే. ఆ పెళ్ళికి వెళ్ళాను. అక్షింతలు వేశాను, రవికెగుడ్డ పెట్టాను, ఓళిగలు తిని ఇంటికొచ్చాను. నోరు మెదపలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక దొర్లుతుంటే ఒక పేరు గుర్తొచ్చింది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి. అంతకు రెండేళ్ళ ముందు మా చిన్నత్తకు వైద్యం కోసం చెన్నైలో అడయారు క్యాన్సర్ ఆసుపత్రికి తోడు వెళ్ళాను. వరండాలో నా పక్కన కూర్చున్న కడపావిడ, ఇది ఒక డాక్టరమ్మ పట్టుబట్టి కట్టించిన ఆసుపత్రి అనీ, ఆవిడ అప్పట్లోనే చట్టాలు చేసే చోట కూర్చుందనీ చెప్పింది. పేరు చివర రెడ్డి అని విని మన తెలుగావిడేమో అనుకున్నాను. ఆ తర్వాత దొరికినవన్నీ చదివితే తెలిసింది, ఆవిడ పుట్టింది తమిళదేశంలో అని. కానీ ఆవిడ మద్రాసు కౌన్సిల్‌లో ఉన్న రోజుల్లో మన అనంతపురం జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోదే కదా! 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా అక్కడి చట్టమే మన ఊరికీ చట్టం. ఆ లెక్కన ఆవిడ మన మనిషి కూడా.

పుదుక్కోట్టై పిల్ల

ముత్తులక్ష్మి 1886 జూలై 30న పుదుక్కోట్టై సంస్థానంలో పుట్టింది. తండ్రి నారాయణస్వామి అయ్యర్ అక్కడి మహారాజా కళాశాలలో ప్రిన్సిపాల్‌గా పనిచేసినవాడు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీల కుటుంబంలో పుట్టిన మనిషి. ఆవిడను పెళ్ళాడినందుకు తండ్రిని ఆయనవాళ్ళు వెలివేశారు. ఇంట్లో చదువూ ఉంది, గౌరవమూ ఉంది. గడప దాటితే మాత్రం తల్లి పుట్టుకను ఎత్తిచూపే లోకం. ఆ రెండింటి మధ్య పెరిగిన పిల్లకు సమానత్వం అంటే ఏమిటో వేరే ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఈడొచ్చాక ఆనాటి అందరు ఆడపిల్లల్లాగే బడి మాన్పించారు. తల్లి పెళ్ళి చేసేద్దామంది. పిల్ల చదువుకుంటానని మొండికేసింది. తండ్రి ఇంట్లోనే చెప్పి, చెప్పించి మెట్రిక్యులేషన్ గట్టెక్కించాడు. తర్వాత కాలేజీ! ఊళ్ళో ఉన్నది మగపిల్లల కాలేజీ ఒక్కటే. ఆడపిల్లను చేర్చుకుంటే మా పిల్లల్ని మాన్పిస్తామని కొందరు తల్లిదండ్రులు గొడవ చేశారు. అందులోనూ దేవదాసి కూతురాయె. చివరికి మహారాజు మార్తాండ భైరవ తొండమాన్ ఎవరి మాటా వినకుండా చేర్చుకోమన్నారు, ఉపకారవేతనం కూడా ఇప్పించారు. 1904లో అంతమంది మగపిల్లల మధ్య ఒక్కతే ఆడపిల్ల.

అక్కణ్ణించి 1907లో మద్రాసు మెడికల్ కాలేజీ. 1912లో బంగారు పతకాలతో డాక్టరయింది. ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో మొదటి మహిళా హౌస్ సర్జన్ ఆవిడే. పురుడంటే చావు బతుకుల మధ్య ఊగిసలాట అయిన కాలం అది. పన్నెండు, పదమూడేళ్ళకు కడుపుతో వచ్చే తల్లులు, పొత్తిళ్ళలోనే పోయే బిడ్డలు. వీటిని ఆవిడ పుస్తకాల్లో చదవలేదు, చేతుల్తో ముట్టుకుంది. తర్వాత కౌన్సిల్‌లో చెప్పిన మాటలన్నింటికీ వేరు ఆ ఆసుపత్రి మంచాల దగ్గరే ఉందని నాకనిపిస్తుంది.

షరతు పెట్టి పెళ్ళి

1914లో, ఇరవై ఎనిమిదో ఏట, డాక్టర్ సుందర రెడ్డిని పెళ్ళిచేసుకున్నారు. రెడ్డి అన్న మాట అలా వచ్చింది. ఆ రోజుల్లో ఆడది ఇరవై ఎనిమిదేళ్ళదాకా పెళ్ళికాకుండా ఉండటమే వింత. అదీగాక ఆవిడ పెళ్ళికి ముందే షరతు పెట్టారు. తనను సమానంగా చూడాలి, తన ఇష్టాలకు అడ్డు రాకూడదు అని. ఆయన ఒప్పుకున్నారు, ఒప్పుకున్న మాట నిలబెట్టుకున్నారు. కట్నం ఎంత, బంగారం ఎంత అనే మాటలే తప్ప మన పెళ్ళిచూపుల్లో ఇలాంటి మాట ఇప్పటికీ ఎంతమందిమి ఎత్తుతున్నాం?

ఇంతలో ఆవిడ చెల్లెలు క్యాన్సర్‌తో చనిపోయింది. అక్క డాక్టరై ఉండి కూడా కాపాడుకోలేకపోయింది. ఆ దుఃఖం ఆవిడ మనసులో ముప్పై ఏళ్ళపాటు అలాగే ఉండిపోయింది. అది ఎక్కడ తేలిందో తర్వాత చెబుతాను. 1925లో ప్రభుత్వ ఉపకారవేతనంతో ఇంగ్లండు వెళ్ళి స్త్రీల, పిల్లల వైద్యంలో పైచదువు చదువుకుని వచ్చారు.

ఓటర్లు లేని ప్రతినిధి

1917లో మద్రాసులో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టింది. అనీబిసెంట్, మార్గరెట్ కజిన్స్, డొరొతీ జినరాజదాస వంటివాళ్ళు దాన్ని నడిపారు. ఆడవాళ్ళకు ఓటు కావాలని వాళ్ళు గట్టిగా అడిగారు. 1921లో మద్రాసు కౌన్సిల్ ఒప్పుకుంది. బ్రిటిషు వాళ్ళ ఏలుబడిలోని రాష్ట్రాల్లో అదే మొదటిది. ఆస్తి, పన్ను ఉన్నవాళ్ళకే ఓటు కాబట్టి మా జేజమ్మ లాంటివాళ్ళకు రాలేదనుకోండి. 1926లో ఆడవాళ్ళు సభ్యులు కూడా కావచ్చన్నారు. ఆ ఏడే కమలాదేవి చట్టోపాధ్యాయ పోటీ చేసి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. మహిళా సంఘం తరఫున ముత్తులక్ష్మి పేరును ప్రభుత్వానికి పంపారు, నియమించారు. ఆవిడకు మొదట ఇష్టం లేదు. రోగుల్ని వదిలి ఈ సభల చుట్టూ తిరగడమేమిటని సందేహించారు. తోటి ఆడవాళ్ళు నచ్చజెప్పాక ఒప్పుకున్నారు.

సభలో ఉన్నది ఒక్కతే ఆడమనిషి. 1927లో సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆవిడను ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. ఒక శాసనసభలో ఆ కుర్చీ ఎక్కిన ఆడవాళ్ళు అప్పటికి ప్రపంచంలోనే లేరని చెబుతారు.

ఆ కుర్చీలో కూర్చుని ఆవిడ అడిగినవి చూడండి. ఆడవాళ్ళకూ, పిల్లలకూ వేరే ఆసుపత్రి కావాలన్నారు. ఫలితంగా ప్రసూతి ఆసుపత్రిలో పిల్లలకు ఒక విభాగం వచ్చింది. బడిపిల్లలకు డాక్టరు పరీక్షలు జరగాలన్నారు. జబ్బు ముదిరాక మందివ్వడం కాదు, రాకముందే కనిపెట్టాలన్నది డాక్టరుగా ఆవిడకు తెలుసు. పేద ఆడపిల్లలకు ఫీజు లేని చదువు కావాలన్నారు. ఆడవాళ్ళతో వ్యాపారం చేసే ఇళ్ళమీద చట్టం రావడానికి వెనకబడి పనిచేశారు. ఇవన్నీ వేరువేరు సంగతుల్లా కనిపిస్తాయి గానీ ఆవిడ దృష్టిలో ఒకటే. ఆరోగ్యం కావాలంటే సమానత్వం ఉండాలి. నీళ్ళు లేని ఇంటికి సబ్బు గురించి చెప్పి ఏం లాభం?

1928లో పెళ్ళి వయసు గురించి తీర్మానం తెచ్చారు. ఆడపిల్లకు 16, మగపిల్లవాడికి 21 ఉండాలని అందులో కోరారు. పుట్టీపుట్టని ఒళ్ళు పురుడు మోయలేదని ఒక డాక్టరు నిండుసభలో చెబితే కాదనడం కష్టం. మరుసటి ఏడు ఢిల్లీ సభలో శారదా చట్టం వచ్చింది. దాంట్లో ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18. ఆవిడ అడిగినంత రాలేదు. అయినా ఒక మెట్టు. ఇప్పుడు చట్టప్రకారం ఆడపిల్లకు 18 నిండాలి. కానీ చట్టం వయసు పెంచుకుంటూ పోయిన ఇన్నేళ్ళ తర్వాత కూడా మా వీధి పిల్ల తొమ్మిదో తరగతిలోనే తాళి కట్టించుకుంది. ఆ పందిట్లో నేనున్నాను.

ఊరి మంచి కోసం ఆడపిల్ల

ఆవిడ చేసిన పోరాటాల్లోకెల్లా పెద్దది దేవదాసీల గురించి. ఇది చెప్పేముందు మా ఊరి కథ ఒకటి చెప్పాలి. మా ఊరి చెరువు బుక్కరాయల కాలం నాటిది. ఒకసారి గట్టు తెగబోతే బసిరెడ్డి ఇంటి చిన్న కోడలు ముసలమ్మ గండిలో నిలబడి ప్రాణమిచ్చిందని, ఆమె ఊరిని నిలబెట్టిందని చెప్పుకుంటాం. కట్టమంచి రామలింగారెడ్డిగారు దాన్నే ముసలమ్మ మరణం అని కావ్యంగా రాశారు. ఆయన కూడా 1920ల మొదట్లో అదే మద్రాసు కౌన్సిల్‌లో సభ్యులు. మా అవ్వ ఈ కథ చెప్పినప్పుడల్లా నేను చిన్నప్పుడు ఒకటే అడిగేదాన్ని, అంత ఊళ్ళో ఆ కోడలే ఎందుకు పోవాల అని. అవ్వ కళ్ళు తుడుచుకునేది గానీ జవాబు చెప్పేది కాదు. ముసలమ్మకు నేనిప్పటికీ దణ్ణం పెడతాను. ఆ ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

ఊరి మంచికనీ, వాన పడాలనీ, ఇంట్లో మగపిల్లాడు లేడనీ ఆడపిల్లను దేవుడికి వదిలేసే ఆచారం మన వైపు బసివిని పేరుతో ఉండేది. తెలంగాణలో జోగిని అన్నారు, తమిళదేశం గుళ్ళలో దేవదాసి అన్నారు. పేర్లు వేరు. నిర్ణయం పెద్దవాళ్ళది, బతుకు పసిపిల్లది. ముత్తులక్ష్మికి ఇది పరాయి కథ కాదు, తల్లి పుట్టింటి కథ.

1927 నవంబరులో ఆవిడ గుళ్ళలో ఆడపిల్లల్ని అర్పించడం ఆపాలని కౌన్సిల్‌లో తీర్మానం పెట్టారు. అంతటితో వదలలేదు. ఈ ఆచారం ఎందుకు నిలబడుతోందని లోతుగా చూశారు. దేవదాసీలకు గుడి ఇనాం భూములుండేవి. గుడిలో సేవ చేస్తేనే భూమి. సేవ ఆగితే భూమి పోతుంది. భూమి నిలవాలంటే తల్లి తర్వాత కూతుర్ని అర్పించాలి. చారెడు నేల పోతుందంటే మన ఊళ్ళలో ఎంత భయమో మీకు తెలియందా? అందుకే 1929లో ఆవిడ చొరవతో వచ్చిన చట్టం ముందు ఆ ముడి విప్పింది. భూమి వాళ్ళదే, సేవ మాత్రం అక్కర్లేదని చెప్పింది. కూతుర్ని ఇవ్వకపోయినా అన్నం పోదు అన్నమాట. తప్పు చేస్తే జైలు అనే చట్టాలు చాలా ఉంటాయి. తప్పు చేయాల్సిన అవసరం లేకుండా చేసే చట్టం తక్కువ. నాకు ఆవిడలో బాగా నచ్చిన తెలివి ఇదే.

ఎదురుతిరిగినవాళ్ళూ గట్టివాళ్ళే. కాంగ్రెస్ నాయకుడు సత్యమూర్తి వంటివాళ్ళు వ్యతిరేకించారు. దేవదాసీలే సంఘంగా ఏర్పడి ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. వాళ్ళలో బెంగుళూరు నాగరత్నమ్మ ఉన్నారు. ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని 1910లో అచ్చువేయించినావిడ, తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించినావిడ. మమ్మల్నందరినీ ఒకే గాటన కట్టి చెడ్డవాళ్ళను చేయొద్దు, మా సంగీతం, నాట్యం, మా ఆస్తి హక్కు ఏమైపోతాయి అన్నది వాళ్ళ బాధ. ఆ బాధ ఉత్తది కాదు. తర్వాతి కాలంలో ఆ కళలు పెద్దింటి ఆడపిల్లల అరంగేట్రాలకు చేరాయి, వాటిని కాపాడిన వంశాల ఆడవాళ్ళు మాత్రం చాలామంది పేరూ కూడూ లేకుండా పోయారు. ముత్తులక్ష్మిని మెచ్చుకునేవాళ్ళం ఈ సంగతి దాచకూడదు. అయినా ఊహ తెలియని పిల్ల మెడలో పొట్టు కట్టే హక్కు ఎవరికీ లేదని ఆవిడ నిలబడ్డారే, ఆ ఒక్క మాట దగ్గర నేను ఆవిడ వైపే.

అర్పించడాన్నే నేరం చేసే బిల్లు 1930లో తెచ్చారు. ఆ ఏడే ఉప్పు సత్యాగ్రహంలో గాంధీగారిని అరెస్టు చేశారు. దానికి నిరసనగా ఆవిడ పదవికి రాజీనామా చేశారు. బిల్లు మూలపడింది. మళ్ళీ అది చట్టమయ్యేసరికి 1947 వచ్చింది. పదిహేడేళ్ళు! బసివిని, జోగిని ఆచారాల్ని పేరుపెట్టి నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ వేరే చట్టం తెచ్చింది 1988లో. ఒక మంచిమాట మద్రాసు నించి మన పల్లెలదాకా రావడానికి అరవై ఏళ్ళు పట్టింది.

దిగిపోతూ ఆవిడ ఒక పని చేశారు. సభలో తానేం అడిగిందీ, ఏది సాధించిందీ అంతా 1930లో ఒక పుస్తకంగా రాసి అచ్చువేయించారు. ఇంగ్లీషులో రాసిన ఆ పుస్తకం పేరుకు శాసనసభ్యురాలిగా నా అనుభవం అని అర్థం. ఆవిడను ఓట్లేసి గెలిపించినవాళ్ళెవరూ లేరు. ఎవరికీ లెక్క చెప్పాల్సిన పని లేదు. అయినా ఆడవాళ్ళందరికీ జవాబుదారీ అన్నట్టు లెక్క అప్పజెప్పారు.

అవ్వై ఇల్లు

పదవి పోయాక పని ఎక్కువైంది. దేవదాసీల ఇళ్ళలోంచి తప్పించుకున్న కొందరు ఆడపిల్లలు ఆవిడ తలుపు తట్టారు. హాస్టళ్ళు వాళ్ళను చేర్చుకోలేదు. పై కులాల పిల్లలకొక హాస్టలు, మిగతావాళ్ళకొక హాస్టలు ఉన్నాయి గానీ వీళ్ళకు ఎక్కడా చోటు లేదు. చట్టం తెచ్చిన మనిషి వాళ్ళ ముఖంమీద తలుపు వేస్తే ఇంక చట్టమెందుకు? సొంత ఇంట్లోనే పెట్టుకున్నారు. అలా మొదలైంది అవ్వై హోమ్, తమిళ కవయిత్రి అవ్వైయార్ పేరుతో. మన అనంతపురం వైపు నాయనమ్మనూ అమ్మమ్మనూ అవ్వ అనే పిలుస్తాం కదా, ఆ పేరు వినగానే నాకు చుట్టం పేరులా అనిపించింది. అక్కడ కులం అడగలేదు, పుట్టుక అడగలేదు. చదువు చెప్పి, చేతికి పని నేర్పి పంపారు.

ఇక చెల్లెలి దుఃఖం. క్యాన్సర్ వస్తే చావడమే, దానికి ఆసుపత్రెందుకు అన్నవాళ్ళందరి దగ్గరికీ తిరిగి, చందాలు పోగుచేసి, అడయారులో స్థలం సంపాదించారు. 1952లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1954లో పన్నెండు మంచాలతో ఆసుపత్రి మొదలైంది. కొడుకు డాక్టర్ కృష్ణమూర్తి, ఆయనతోపాటు డాక్టర్ శాంత దాన్ని పెంచి పెద్దచేశారు. 1956లో ముత్తులక్ష్మికి పద్మభూషణ్ ఇచ్చారు. 1968 జూలై 22న, ఎనభై రెండు నిండటానికి వారం రోజుల ముందు, కన్నుమూశారు. చెల్లెలు పోయిన నలభై, యాభై ఏళ్ళకు కాదు, తొంభై ఏళ్ళకు పైన కూడా ఆ దుఃఖం మా చిన్నత్తలాంటి వాళ్ళకు నీడనిచ్చింది.

మా వీధిలో

నాకు పదవి లేదు, సభ లేదు. నా నోరు ఎక్కడ పెగలాలి అని చాలాసార్లు అనుకున్నాను. ఆ పెళ్ళికూతురి చెల్లెలు ఇప్పుడు పదో తరగతి. మొన్న కొళాయి దగ్గరే వాళ్ళమ్మ, ఒక సంబంధం వచ్చిందక్కా, వాళ్ళే అడుగుతున్నారు అని మెల్లగా చెప్పింది. నా చేతిలో బిందె ఉంది. గుండె దడదడలాడింది. వీధిలో మాట పడతానేమో, వీళ్ళతో చెడుతుందేమో అనిపించింది. అయినా ఈసారి ఊరుకోలేదు. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి కూర్చున్నాను. పెద్దదానికి పదిహేనేళ్ళకు పురుడు ఎంత కష్టమైందో వాళ్ళమ్మకే గుర్తుచేశాను. ఇంటర్ ఖర్చు, హాస్టలు సంగతి నేను కనుక్కుంటానన్నాను. ఊరికే వద్దంటే సరిపోదు, ఆ తల్లికి ఒక దారి చూపించాలని డాక్టరమ్మ దగ్గరే నేర్చుకున్నాను. మరీ మాట వినకపోతే 1098కి ఫోను చేయాల్సి వస్తుందని కూడా చెప్పాను, నవ్వుతూనే. వాళ్ళాయన ముఖం చిట్లించుకున్నాడు. రెండు రోజులు వాళ్ళమ్మ నాతో మాట్లాడలేదు.

మూడోరోజు కొళాయి దగ్గర నా బిందె పక్కన తన బిందె పెట్టింది. పది పరీక్షలు అయ్యాక చూద్దాంలే అక్కా అంది. వద్దన్లేదు, సరేననీ అన్లేదు. పరీక్షలయ్యేదాకా నాకు గడువు దొరికింది. రేపు అనంతపురం వెళ్ళి ఆడపిల్లల హాస్టలు ఫారాలు తేవాలి.